నోట్లో కరెంటు

అల్యూమినియం రేకులో చుట్టిన చపాతీ తింటూ, పొరపాటున ఆ రేకు ముక్కని కూడా కొరికారా ఎప్పుడైనా? పంట్లో వెండి నింపించుకున్నవాళ్లయితే ఆ అనుభవం అంత తొందరగా మరిచిపోరు. చెవిదాకా జివ్వుమని పాకే ఆ బాధకి గాల్వానిక్ షాక్ అని పెద్ద పేరే ఉంది.

ఆ పేరు నాకు తెలిసింది పక్క ఫ్లాటు పిన్నిగారి పుణ్యమా అని. మేముండేది కొండాపూర్‌లో. 1998లో సైబర్ టవర్స్ వెలిశాక ఈ చుట్టుపక్కల రాళ్లగుట్టలు ఒక్కొక్కటే అద్దాల మేడలయ్యాయి. ఆ మేడల్లో పనిచేసే పిల్లల కోసం ఊళ్లో ఇళ్లకి తాళాలేసుకుని వచ్చిన తల్లులు మా అపార్టుమెంటులో అంతస్తుకి ఇద్దరుంటారు. పిన్నిగారు అలా వచ్చినావిడే. పై దవడ పన్నుకి ఎప్పుడో వేయించుకున్న బంగారు తొడుగుంది. ఆ మధ్య సరిగ్గా దాని కింది పన్ను పుచ్చితే ఇక్కడ వెండి నింపించారు. మర్నాటినుంచీ మొదలు!

"నోరు మూస్తే చాలు, కరెంటు కొడుతోందే అమ్మాయ్! చిలుం నాకినట్టు ఒకటే రుచి" అనేవారు.

ఎవరు నమ్ముతారు చెప్పండి? పొద్దస్తమానం కంప్యూటరుతో కాపురం చేసే కొడుకు "నోట్లో కరెంటేంటమ్మా, నీ భ్రమ" అన్నాడు. కోడలు "నిద్ర చాలడం లేదేమో అత్తయ్యా" అంది. వాచ్‌మన్ భార్య ఒక్కతే జాలిపడి, ఎదురు మేడమీది సెల్ టవర్ని అనుమానించింది. చివరికి పిన్నిగారే "వయసు మీద పడితే ఇలాంటివి పుడతాయి కాబోలు" అని ఊరుకున్నారు. నాకు మనసు చివుక్కుమన్నది ఆ మాటకే. ఓ పక్కనే నములుతూ, సగం కంచం వదిలేసి లేస్తున్నారు మరి!

నేనే వెంటబెట్టుకుని ఇంకో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ నవ్వలేదు. "భ్రమ కాదండీ, బాటరీ!" అంది. మనం వెండి అంటాం గానీ అందులో దాదాపు సగం పాదరసమేనట. మిగతాది వెండి, తగరం, రాగి పొడి. కింద అదీ, పైన బంగారం, మధ్యన లవణాలున్న లాలాజలం. రెండు వేరువేరు లోహాలు అలా తడిలో ఉండి ఒకదాన్నొకటి తాకితే కరెంటు పారుతుంది. అది చాలా కొంచెమే, కానీ పంటిలోపలి నరానికి ఆ కొంచెమే ఎక్కువ.

బి.ఏ. చదివినదాన్ని, సైన్సుకీ నాకూ ఆమడ దూరం. అయినా ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. 1750ల్లోనే సుల్జర్ అనే ఆయన సీసం ముక్కా వెండి ముక్కా అంచులు కలిపి నాలుకకి ఆనిస్తే, అన్నభేది రుచి తగిలిందట. విడివిడిగా పెడితే ఆ రుచే లేదట. 1800లో వోల్టా వెండి బిళ్లలూ జింకు బిళ్లలూ పేర్చి, మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్కలు పెట్టి బాటరీ చేసి చూపించాడు. ఆ అన్నభేది రుచీ, పిన్నిగారి చిలుం రుచీ అక్కచెల్లెళ్లే కదూ! ఆయన మాట పుస్తకాలకెక్కింది. ఈవిడ మాట చాదస్తమైంది.

చాలామందికి ఇది కొద్దిరోజుల్లో దానంతటదే తగ్గుతుందట. తగ్గకపోతే రెండు లోహాల్లో ఒకదాన్ని మారుస్తారు. పిన్నిగారికి వెండి తీసేసి పన్ను రంగు పదార్థం పెట్టారు. అలాగని నోట్లో వెండి ఉన్నవాళ్లంతా కంగారుపడి పీకించుకోనక్కర్లేదు. జివ్వుమన్నదల్లా కరెంటూ కాదు. పన్ను చిట్లినా, నింపింది ఎత్తుగా ఉన్నా జివ్వుమంటుంది. ఏదన్నది తేల్చాల్సింది డాక్టరే. అయితే ఆ డాక్టరు దాకా వెళ్లాలంటే, ముందు ఇంట్లోవాళ్లు మన మాట నమ్మాలి. అంతకన్నా ముందు మనం నమ్మాలి.

పిన్నిగారిప్పుడు రెండు దవడలా జంతికలు నములుతున్నారు. వాళ్లబ్బాయి మొన్న లిఫ్టులో కనబడి, "అక్కా, నోట్లో నిజంగా కరెంటు పుడుతుందంటావా?" అని అడిగాడు.

"మీ అమ్మనడుగు నాయనా, మొదటిరోజే చెప్పింది" అన్నాను.