డిస్కా? డ్రమ్మా?

మా అమ్మాయికి మాధాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. సంతోషించవలసిన విషయమే. సంతోషించాం కూడాను. మిఠాయిలు పంచిన మూడోనాడు ఇంట్లో యుద్ధం మొదలయింది. పెళ్ళి సంబంధం గురించి కాదండోయ్, స్కూటరు ముందు చక్రానికి వుండే బ్రేకు గురించి!

నిజాంపేటలో కాపురం వుండేవారికి వేరే చెప్పనక్కరలేదు. మెట్రో ఎక్కమన్నాను. జె.ఎన్.టి.యు. దగ్గర రైలెక్కి, అమీర్‌పేట దాకా పోయి, అక్కడ బండి మారి, మళ్ళీ హైటెక్ సిటీ వైపు తిరిగి రావాలి. ముక్కు ఎక్కడుందయ్యా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. "స్కూటరు కొనుక్కుంటాను నాన్నా, నా జీతంతోనే" అంది. ఆ చివరిమాట నాకు కాస్త గుచ్చుకుంది కాని, పైకి నవ్వేశాను.

షోరూములో ఒకే స్కూటరు రెండు రకాలుగా నిలబెట్టి వుంది. రంగు ఒకటే, ఇంజను ఒకటే. ఒకదానికి ముందు చక్రంలో డ్రమ్ము బ్రేకు, రెండోదానికి డిస్కు. తేడా అయిదారు వేలకు పైమాటే. అక్కడి కుర్రవాడు డిస్కు గురించి ఒక్క ముక్కా, బండి సెల్‌ఫోనుతో ఎలా మాట్లాడుతుందో పది ముక్కలూ చెప్పాడు. స్కూటరు ఫోనుతో ఏం మాట్లాడుతుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

"డ్రమ్ము చాలు. ముప్ఫయ్యేళ్ళు డ్రమ్ముమీదే తిరిగాను" అన్నాను.

నా వాదనలో పస లేదనుకోకండి. డ్రమ్ము బ్రేకంటే మూత వేసిన గిన్నెలాంటిది. చక్రంతోపాటు గిన్నె తిరుగుతుంది. లోపలి రెండు షూలు విచ్చుకుని దాని గోడను అదుముతాయి. చక్రం తిరిగే వూపే అందులో ఒక షూని గోడకేసి మరింత అదుముతుంది. అంచేత చేతిబలం తక్కువైనా పని జరుగుతుంది. బురదా, దుమ్మూ తొందరగా లోపలికి చొరబడవు. ఖర్చూ తక్కువ. పైగా 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో 125 సి.సి. వరకు వుండే కొత్త బండ్లకు, ఒక పిడి నొక్కితే రెండు చక్రాలూ కలిసి ఆగే ఏర్పాటో, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటో తప్పనిసరి చేశారు. రెండూ కలిసి పడుతున్నప్పుడు డిస్కెందుకు?

అమ్మాయి ఊరుకుంటుందా? డిస్కంటే పళ్ళెం. దాన్ని రెండువైపులనుంచీ ప్యాడ్లు, పట్టకారు గిన్నె అంచుని పట్టినట్టు, పట్టుకుంటాయి. గాలి తగిలి వేడి త్వరగా పోతుంది. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వొరుగుతుంది గనుక ముందు చక్రమే ఎక్కువ మోయాలి, అక్కడే మంచి బ్రేకు వుండాలి అంది. ఇదేం నిన్నమొన్నటి వింత కాదట. ఇంగ్లండులో లాంచెస్టరు అనే ఆయన 1902లోనే డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సులో లమాన్ పందెంలో జాగ్వార్ కారు గెలిచింది డిస్కు బ్రేకులతోనే. ఇన్ని చెప్పి, చివర అసలు బాణం వేసింది.

"నీళ్ళలో డ్రమ్ము పట్టలేదని మీరే కదా నాన్నా చెప్పారు? అమ్మ చెయ్యి విరిగినప్పుడు?"

నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ కొంగు సవరించుకుని, కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. "రేపు వస్తాం" అని షోరూములోంచి బయటపడ్డాం.

అది 2016 సెప్టెంబరు. నిజాంపేట భండారీ లేఅవుట్ మునిగిన వానలు అవి. వానలు తగ్గుముఖం పట్టాక ఒకనాడు మేమిద్దరం స్కూటరుమీద బయలుదేరాం. రోడ్డుమీద నిలిచిన మోకాటిలోతు నీళ్ళలోంచి ఎలాగో బయటపడ్డాం. ఎదురుగా ట్రాక్టరు వెనక కట్టిన నీళ్ళ ట్యాంకరు ఆగింది. (ఊరు మునిగినా మా అపార్ట్‌మెంట్లకు తాగేనీళ్ళు ట్యాంకరులోనే రావాలి, అది వేరే కథ.) బ్రేకు నొక్కాను. పట్టలేదు. ట్యాంకరు వెనకభాగానికి వెళ్ళి తగిలాం. నాకు మోచేయి గీరుకుంది. ఆవిడకి కుడి మణికట్టు విరిగింది. ఆరువారాలు పిండికట్టు.

"నీళ్ళు దూరి డ్రమ్ము పట్టలేదు" అని అందరికీ చెప్పాను. అబద్ధమని ఎవరూ అనలేరు. నీళ్ళు దూరితే డ్రమ్ము తొందరగా ఆరదు. నెమ్మదిగా పోతూ నాలుగైదుసార్లు బ్రేకు నొక్కి ఆరబెట్టుకోవాలి. డిస్కయితే తిరుగుతూనే నీళ్ళు విదిలిస్తుంది, మిగిలింది ప్యాడ్లు తుడిచేస్తాయి. కాని నేను చెప్పింది సగం నిజం.

మిగతా సగం ఏమిటంటే, అంతకు రెండు నెలల ముందే మెకానిక్కు "షూలు అరిగినయ్ సార్, మార్చాలె" అన్నాడు. నేను మార్చలేదు. బ్రేకు వదులైనప్పుడల్లా చక్రం దగ్గరున్న మర ఇంకో చుట్టు బిగించుకుంటూ వచ్చాను. ఆదా చేసింది మూడు నాలుగు వందలు.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. తప్పు డ్రమ్ముదే అంటే డిస్కు కొనాలి. డ్రమ్ము మంచిదే అంటే తప్పు ఎవరిదో చెప్పాలి.

సాయంత్రం నడకకని చెప్పి ఆ మెకానిక్కు దగ్గరికే వెళ్ళాను. జుట్టు నెరిసింది, చేతిలో స్పానరు మాత్రం అదే. "మంచిగ చూసుకుంటె డ్రమ్ము మోసం జెయ్యది సార్. షూ అరిగితే తెలిసేటందుకు బయట బాణం గుర్తు గూడ ఉంటది, గానీ ఎవ్వలు చూస్తున్నరు? డిస్కు ప్యాడయితే వంగి చూస్తే కనవడ్తది. దానికీ ఖర్చుంది మరి. ఆయిలు రెండేండ్లకోసారి మార్చాలె, అది గాలిల ఉన్న తేమ గుంజుకుంటది" అన్నాడు. 2016 సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను. ముద్ద గొంతు దిగకముందే, ఒక్క గుక్కలో. అమ్మాయి కంచంవైపు చూస్తూ వుండిపోయింది. తిడుతుందేమోననుకున్నాను, తిట్టలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

మా ఆవిడ చారు వడ్డిస్తూ, "నాకు తెలుసునండీ" అంది.

"ఎలా?"

"బండి బాగుచేసి తెచ్చిచ్చిన కుర్రాడు, పాత షూలు సంచిలో వేసి నా చేతికే ఇచ్చాడు. కాగితంలా వున్నాయి."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"మీరు చెబుతారేమోనని చూశాను."

ఆవిడ ఎడంచేత్తో వడ్డిస్తోందని అప్పుడు గమనించాను. చలికాలంలో కుడి మణికట్టు ఇప్పటికీ నొప్పెడుతుందట. నేను ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు డిస్కు బండే కొన్నాం. డబ్బు అమ్మాయిదే. పై తేడా మాత్రం నేనిస్తానని పట్టుబట్టి ఇచ్చాను. అమ్మాయి ముందు వద్దంది, వాళ్ళమ్మ ముఖం చూసి తీసుకుంది.

నెలకో ఆదివారం వాకిట్లో కూర్చుని, టార్చిలైటు వేసి ప్యాడ్లు చూస్తాను. పద్దుల పుస్తకంలో తేదీ వేసుకుంటాను. బ్రేకు ఆయిలు మార్చవలసిన నెల కూడా ఎర్రసిరాతో వ్రాసి పెట్టాను. మొన్న మా ఆవిడ ఆ పుస్తకం తిరగేసి, "2016లో మిగిల్చిన ఆ మూడు వందలూ ఎక్కడ జమ వేశారు?" అని అడిగింది.

వెతుకుతున్నాను.