ఒరిగిన అక్షరం

అచ్చక్షరాలలో చదివించేవి కొన్ని, పిలిచేవి కొన్ని. పుస్తకంలోని చిన్న అక్షరం తాను మరుగున ఉండి అర్థాన్ని చూపాలి. దుకాణం బోర్డు మీది పెద్ద అక్షరం ముందుగా తానే కనబడాలి. ఈ రెండవ జాతిలో నాకు ప్రీతిపాత్రమైనది లావుగా, గుండ్రంగా, కుడివైపునకు కొంచెం ఒరిగి ఉండే అక్షరం. దానిని చూస్తే ఎక్కడికో ఉత్సాహంగా బయలుదేరినట్లుంటుంది.

ఈ వాలు ఇటలీ నుంచి వచ్చింది. 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన వాలు అక్షరాలతో వర్జిల్ కావ్యాలను చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఆనాటి పండితుల చేతివ్రాతే ఆ అక్షరాలకు మాతృక. 'ఇటాలిక్' అనే పేరు అలా వచ్చింది. కొనలలో తోకలు లేని అక్షరం సుమారు 1816లో ఇంగ్లండులో అచ్చుకెక్కింది. తరువాతి కాలపు ప్రకటనలు ఈ రెండింటినీ కలిపాయి.

తెలుగక్షరాన్ని వాల్చడం అంత తేలిక కాదు. ఆంగ్లంలో నిలువు గీతలెక్కువ. అవి ఒరిగితే వాలు వెంటనే తెలుస్తుంది. మన ర, ఠ, ద, ధ వంటివి వలయాల వంటి అక్షరాలు. కంప్యూటరులో మీట నొక్కి వంచితే వలయం నలిగి కోడిగుడ్డవుతుంది. గీత ఒకచోట సన్నబడి, మరొకచోట ఉబ్బుతుంది. లావు చేస్తే మరో చిక్కు. లోపలి ఖాళీ పూడిపోతుంది. 'థ'లోని చుక్క కనబడకపోతే 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. విద్యార్థి అలా వ్రాస్తే ఎర్రసిరాతో దిద్దుతాం. నాలుగు రోడ్ల కూడలిలో వేలమంది చూసే బోర్డును దిద్దేదెవరు? పిల్లలు అక్షరాలను పలక మీదనే కాదు, బోర్డుల మీద కూడా నేర్చుకుంటారు.

ఫ్లెక్సీలు రాకముందు బోర్డులు వ్రాసే పెయింటర్లకు ఈ సంగతి బాగా తెలుసు. సుద్ద అద్దిన దారాన్ని గోడకు బిగించి, లాగి వదిలి గీత కొట్టేవారు. ఒత్తులకు కింద ఎంత చోటు కావాలో ముందే చూసుకొనేవారు. వాలు అక్షరం వ్రాసేటప్పుడు వలయాన్ని వంచేవారు కారు. తలకట్టును, దీర్ఘాన్ని ముందుకు సాగదీసి, కడుపును గుండ్రంగానే ఉంచేవారు. ఆ పనిని నేను గంటలకొద్దీ నిలబడి చూశాను.

ఇదే విద్యను పుస్తకాల ముఖచిత్రాలపై చూపినవారు బాపు (1933–2014). నర్సాపురంలో పుట్టిన ఆ చిత్రకారుని అక్షరాలలో వాలు ఉంది, లావు ఉంది, గుండ్రదనం చెడలేదు. ఒకే మాటలో ఒక అక్షరం రెండుసార్లు వస్తే రెండూ అక్కచెల్లెళ్లలా ఉండేవి గాని కవలల్లా ఉండేవి కావు. ఆ వ్రాత కంప్యూటరు అక్షరాలుగా మారి, శుభలేఖల నుంచి మిఠాయి దుకాణాల దాకా వ్యాపించింది. అందరికీ అందినందుకు సంతోషమే. అయితే అందులో ప్రతి 'అ' ఒకేలా ఉంటుంది. చేయి కదిలిన జాడ ఉండదు.

సిలికానాంధ్ర ఉచితంగా అందించిన అక్షరాలలో 'రామభద్ర' శీర్షికల కోసం రూపొందినది. లావైన గీత, మృదువైన మూలలు, చూడముచ్చటగా ఉంటుంది. అది నిటారుగా నిలబడే అక్షరం. దానికి వాలు రూపాన్ని విడిగా గీయలేదు. వాలు కావాలనుకున్నవారు ఇప్పటికీ ఆ మీటనే నొక్కుతున్నారు.