రోర్క్స్ డ్రిఫ్ట్: తూటాలు మోసిన డాక్టరు

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ ప్రాంతంలో, డండీ పట్టణం నుంచి బఫెలో నది వైపు వెళ్తే ఎండుగడ్డి మైదానాల మధ్య షియానే అనే కొండ కనిపిస్తుంది. కొండ కింద రాతి గోడల ఇళ్ళు కొన్ని, ఒక చర్చి, ఒక శ్మశానం. అదే రోర్క్స్ డ్రిఫ్ట్. 1879 జనవరి 22 సాయంత్రం నుంచి మర్నాడు తెల్లవారేదాకా బ్రిటిష్ సైనికులకూ జులూ యోధులకూ మధ్య ఇక్కడ సాగిన పోరుకు బ్రిటన్ 11 విక్టోరియా క్రాస్ శౌర్య పతకాలు ఇచ్చింది. వాటిలో ఒకటి అందుకున్న సర్జన్ జేమ్స్ హెన్రీ రెనాల్డ్స్ పనిచేసిన చోటు చూడాలనే నేను వెళ్ళాను.

రెనాల్డ్స్ 1844లో ఐర్లండ్‌లో పుట్టాడు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివి 1868లో సైనిక వైద్యశాఖలో చేరాడు. తన రెజిమెంటులో కలరా చెలరేగినప్పుడు ఆయన చేసిన సేవకు, అప్పట్లో మన దేశంలోని బ్రిటిష్ సైన్యాధిపతి లార్డ్ శాండ్‌హర్స్ట్ నుంచి మెప్పు వచ్చింది. ఆ కాలంలో సైనిక వైద్యుడికి తూటా గాయాలకన్నా జ్వరాలు, విరేచనాలతోనే ఎక్కువ పని. రోర్క్స్ డ్రిఫ్ట్ ఆస్పత్రిలోనూ ఆ వేళ మంచాన పడ్డవాళ్ళలో ఎక్కువమంది జబ్బుపడ్డవాళ్ళే.

ఆస్పత్రి అంటే స్వీడన్ మిషనరీ ఓటో విట్ ఇల్లు. గడ్డి కప్పు, ఇరుకు గదులు. పోరులో అది కాలిపోయింది. అదే స్థలంలో తర్వాత లేచిన ఇల్లే నేటి మ్యూజియం. ఆనాటి అడ్డుగోడలు ఎక్కడెక్కడ ఉన్నాయో నేల మీద రాళ్ళు పేర్చి గుర్తుపెట్టారు. మొక్కజొన్న బస్తాలు, బిస్కెట్ పెట్టెలు పేర్చి కట్టిన గోడలవి. వాటి వెనక ఉన్నది సుమారు 150 మంది. ఎదురుగా రాకుమారుడు దబులమాంజి వెంట వచ్చిన మూడు నాలుగు వేల మంది జులూ యోధులు.

మాకు దారి చూపిన జులూ యువకుడు సామాన్ల గిడ్డంగి ఉన్న చోట ఆగి, ఆస్పత్రి వైపు చెయ్యి చాపాడు. "డాక్టరు ఇక్కణ్ణించి అక్కడికి తూటాలు మోశాడు," అన్నాడు. ఆ దూరం నడిచి చూశాను. నిమిషం పట్టదు. కానీ ఆ సాయంత్రం రెండు వైపుల నుంచీ కాల్పులు పడుతున్న ఖాళీ జాగా అది. మోస్తుండగా ఒక తూటా రెనాల్డ్స్ హెల్మెట్‌కు తగిలింది. కప్పు అంటుకున్నాక సైనికులు గదుల మధ్య గోడలకు కన్నాలు పొడిచి రోగులను ఒక్కొక్కరినే ఇవతలికి లాగారు. గిడ్డంగి దగ్గర రెనాల్డ్స్ రాత్రంతా గాయాలకు కట్లు కట్టాడు.

ఆయన పతకానికి రాసిన ప్రశంసలో రెండు పనులున్నాయి: కాల్పుల మధ్య క్షతగాత్రులను వదలకుండా చూసుకోవడం, ఆస్పత్రిని కాపాడేవాళ్ళకు తూటాలు అందించడం. వలస సైన్యం వైద్యుడి నుంచి ఏం కోరిందో ఆ కొద్ది మాటల్లోనే ఉంది.

షియానే ఎక్కాను. ఆ మధ్యాహ్నం రెనాల్డ్స్ కూడా విట్‌తో, పాదరీ జార్జ్ స్మిత్‌తో కలిసి ఈ కొండే ఎక్కాడు. నది అవతల సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఇసాండ్ల్వానా. అదే రోజు అక్కడ జులూ సైన్యం బ్రిటిష్ శిబిరాన్ని తుడిచిపెట్టింది. చనిపోయిన 1,300 మందికి పైగా మనుషుల్లో సర్జన్-మేజర్ పీటర్ షెపర్డ్ ఒకడు. తప్పించుకునే దారిలో గాయపడ్డవాణ్ణి చూడడానికి ఆగి ప్రాణం పోగొట్టుకున్నాడని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. అంతకు ముందటి ఏడాదే ఆయన ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో మామూలు జనానికి ప్రథమ చికిత్స పాఠాలు చెప్పాడు. ఆ పాఠాలు ఆయన పోయాక పుస్తకమై వచ్చాయి.

కొండ దిగాక జులూ స్మారకం దగ్గరికి వెళ్ళాం. గుట్టగా పడిన డాళ్ళ మీద కంచు చిరుత. పోరు ముగిశాక ఇక్కడ లెక్కపెట్టిన జులూ శవాలు సుమారు 350. గాయాలతో పడి ఉన్న యోధులను బ్రిటిష్ పక్షం వాళ్ళు ఆ ఉదయం చంపేశారు. ఏ పక్షపు క్షతగాత్రుడికైనా వైద్యం అందాలని 1864లోనే జెనీవాలో ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాది బ్రిటన్ అందులో చేరింది. యూరప్ సైన్యాలు ఒకదానికొకటి ఇచ్చుకున్న ఆ మాట, తన దేశం మీదికి వచ్చిన సైన్యంతో పోరాడిన జులూ మనిషికి వర్తించలేదు.

రెనాల్డ్స్ ధైర్యం నిజం. లేవలేని రోగులను వదిలి పోకపోవడం వైద్యధర్మంలో మొదటి మెట్టు, ఆ మెట్టు మీద ఆయన గట్టిగా నిలబడ్డాడు. 1932లో, 88 ఏళ్ళ వయసులో లండన్‌లో పోయేదాకా ఆ గౌరవం ఆయన వెంట ఉంది, ఉండాల్సిందే. అయితే ఆ రోజు సైనిక వైద్యుల కథ ఆయన ఒక్కడితో పూర్తి కాదు. పతకం పొందిన రెనాల్డ్స్, పాఠం మిగిల్చిపోయిన షెపర్డ్, కట్టు కట్టే చెయ్యి దొరక్క పోయిన జులూ యోధులు: రోర్క్స్ డ్రిఫ్ట్ గురించి చెప్పేవాళ్ళెవరైనా ఈ మూడూ కలిపే చెప్పాలి.