రాత్రికో?

మీ ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళుంటే, "పిప్పి" అంటే ఏమిటో అడగండి. చెరకు నమిలి రసం మింగాక నోట్లో మిగిలేదే పిప్పి. మన మారిషస్ క్రియోల్‌లో బగాస్ అంటాం. చిన్నప్పుడు నేను పిప్పి వాకిట్లో ఉమ్మితే నాయనమ్మ కేకలేసేది.

పిప్పి చెత్త అనుకునేవాణ్ణి. కాదు. మిల్లులో 100 టన్నుల చెరకు ఆడితే సుమారు 30 టన్నుల పిప్పి వస్తుంది. దాన్ని బాయిలర్లో కాలుస్తారు. నీళ్ళు మరిగి ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పితే కరెంటు పుడుతుంది. మిల్లు వాడుకోగా మిగిలిన కరెంటు మన ఇళ్ళకు వస్తుంది. మళ్ళీ చెరకు పెరుగుతుంది, మళ్ళీ పిప్పి వస్తుంది. ఇలా తరగని ఇంధనాన్ని "పునరుత్పాదక ఇంధనం" అంటారు. మాట పెద్దదే, కానీ మన ముత్తాతలు ఓడ దిగి నరికింది ఈ చెరకునే.

మా నాన్నకు రెండు ఆర్పెంట్ల చెరకు తోట ఉంది. ఆర్పెంట్ అంటే ఎకరం కంటే కాస్త ఎక్కువ. నాన్నకు 78 ఏళ్ళు. కోతకు మనుషులు దొరకడం లేదు. అది రాళ్ళ నేల, యంత్రం దిగదు. నిరుడు అన్నయ్య "అమ్మేద్దాం నాన్నా" అన్నాడు. నేనూ సరేనన్నాను. నాన్న మాట్లాడలేదు.

ఆ నెలలోనే మా ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించాను. నాన్నకు చూపించి, "ఇక కరెంటుకు చెరకు అక్కర్లేదు" అన్నాను. ఆయన పైకి చూసి, "మరి రాత్రికో?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. బ్యాటరీ లేకపోతే ఎండ కరెంటు పగటికే. పిప్పి రాత్రి కూడా మండుతుంది. అయితే పిప్పికీ ఒక లోటుంది. కోత జూన్ నుంచి డిసెంబర్ దాకానే. పిప్పి అయిపోయాక బెల్‌వ్యూ లాంటి కేంద్రాల్లో, అవే బాయిలర్లలో, ఓడల్లో తెచ్చిన బొగ్గు కాలుస్తారు. 2030 నాటికి 60 శాతం కరెంటు పునరుత్పాదక వనరుల నుంచే రావాలని మన ప్రభుత్వం 2021లో లక్ష్యం పెట్టుకుంది. 2023లో అది ఐదో వంతు కూడా లేదు. ఎండ, ప్లేన్ దే రోష్‌లో తిరిగే గాలిమరలు, కొండ వాగుల నీళ్ళు, పిప్పి: ఒకదాని లోటు ఇంకొకటి తీర్చాలి. ఇటు చూస్తే చెరకు తోటలు ఏటేటా తగ్గుతున్నాయి.

మా రెండు ఆర్పెంట్లతో దేశానికి వెలుగొస్తుందని నేననను. కానీ మాలాంటి వాళ్ళు ఒక్కొక్కరే అమ్ముకుంటే ఆ మేరకు బొగ్గే వస్తుంది.

మేమింకా ఏమీ తేల్చుకోలేదు. ఈ ఏడు కోతకు నేనూ అన్నయ్యా సెలవు పెట్టి వెళ్తున్నాం. మీ ఇంట్లోనూ ఇలాంటి తోట ఉంటే, అమ్మేముందు పెద్దవాళ్ళతో ఒకసారి గట్టు మీద నడవండి. వాళ్ళు ఏమడుగుతారో వినండి.