బొటనవేలి కింద టైరు

మేస్త్రీ కుడిచేతి బొటనవేలు టైరు లోపలి గోడ మీద అంగుళం అంగుళం చొప్పున జరుగుతోంది. స్ప్రెడర్ మిషను టైరు అంచులను రెండువైపులా లాగి పట్టుకుంది. లోపల చిన్న బల్బు వెలుగుతోంది గానీ ఆయన దానివైపు చూడటం లేదు. ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ మొత్తం ఆ వేలికే వదిలేశాడు. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ నొక్కింది.

"ఇది పనికిరాదండీ. గాలి లేకుండా తోలారు" అంటూ టైరు కిందికి దింపించాడు.

అదే చోట నేనూ తడిమాను. చర్మం ముడతపడ్డట్టు సన్నటి గీత, దాని చుట్టూ కొంచెం గరుకు. అంతే. బయట నుంచి చూస్తే ఆ టైరుకి ఏ లోపమూ కనపడదు.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, అరిగిన టైర్లకు కొత్త పై పొర (బటన్) వేసే రీబటన్ షెడ్డు ఇది. ఇంగ్లీషులో రీట్రెడింగ్ అనేది ఈ పనినే. మా బావకు లారీలున్నాయి. అరిగిన టైర్లు ఇవ్వడానికి వస్తూ, "రోడ్ల మీద తిరిగేవాటి గురించి రాస్తుంటావు కదా, ఇదీ చూడు" అని నన్ను వెంటబెట్టుకొచ్చాడు. షెడ్డు ఓనరు ముందు టైర్లు ఉడికించే ఛాంబర్ చూపించాలని, ఆ తర్వాత ఆఫీసు గదిలో కాఫీ ఇప్పించాలని ఉబలాటపడ్డారు. నాకు మాత్రం ఆ బొటనవేలు దగ్గర నుంచి కదలబుద్ధి కాలేదు.

లారీ టైరు గాలి తక్కువతో నడిస్తే పక్కగోడ ప్రతి చుట్టుకీ వంగుతూ లేస్తూ ఉంటుంది. లోపల స్టీలు తీగలు వేడెక్కి, అలిసి, ఒక్కొక్కటిగా తెగుతాయి. అలాంటి కేసింగ్‌కి, అంటే బటన్ పోను మిగిలిన టైరు ఒంటికి, కొత్త బటన్ వేసి పంపితే, గాలి కొట్టేటప్పుడే గోడ బారుగా చీలి పేలవచ్చు. ఎదురుగా కూర్చున్న పంక్చరు షాపు కుర్రాడు బతకడు. వద్దన్న ప్రతి కేసింగూ ఈ షెడ్డుకి పోయిన గిరాకీయే. అయినా మేస్త్రీ వద్దంటాడు, ఓనరు మారుమాట్లాడరు. ఈ వృత్తి మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

వేలు ఒప్పుకున్న టైరు మీద సుత్తి పని మొదలవుతుంది. చుట్టూ తట్టుకుంటూ పోతాడు. పొరలు అతుక్కుని ఉన్నచోట ఒక శబ్దం, విడిపోయినచోట బోలుగా ఇంకో శబ్దం. పక్కనే కంప్రెసర్ మోగుతున్నా ఆ తేడా ఆయన చెవికి దొరుకుతుంది. తర్వాత బఫింగ్. టైరులో గాలి నింపి తిప్పుతూ, పళ్లున్న బ్లేళ్లతో పాత బటన్ గీకేస్తారు. బ్లేళ్లు మొద్దుబారితే రబ్బరు మాడి ఉపరితలం నిగనిగలాడుతుంది. ఆ మెరుపు మీద జిగురు నిలవదు. సన్నటి మఖమల్ లాంటి గరుకు రావాలి. మేకు దిగిన ప్రతి రంధ్రాన్నీ చిన్న గ్రైండర్‌తో తొలిచి, తుప్పు పోయి తీగ తెల్లగా కనిపించేదాకా శుభ్రం చేసి, పచ్చి రబ్బరుతో పూడుస్తారు. వాన నీళ్లు ఆ రంధ్రంలోంచి దిగి లోపలి స్టీలు బెల్టును తినేస్తాయట. ఈ ఒక్క పని దగ్గరే మేస్త్రీ కుర్రాణ్ని గట్టిగా కసిరాడు: "ఒరేయ్, ఎరుపు కనపడుతుంటే గమ్ము పెడతావేంట్రా!"

రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది ఎండకు కరగని, చలికి పగలని పదార్థమవుతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. విడివిడిగా ఉన్న రబ్బరు గొలుసుల మధ్య గంధకం వంతెనలు కడుతుంది. ఒకసారి కట్టాక వెనక్కి పోదు. ఉడికిన రబ్బరును మళ్లీ కరిగించి పోత పోయలేం. రీబటన్ పనిలోని కష్టమంతా ఇదే. కేసింగ్ ఎప్పుడో ఉడికిపోయింది, కొత్త ట్రెడ్ పట్టీ కూడా ఫ్యాక్టరీలో ఉడికే వస్తుంది. ఆ రెంటి మధ్యా కుషన్ గమ్ అనే పలచటి పచ్చి పొర వేస్తారు. పూడ్చిన రంధ్రాలు పోను ఉడకాల్సింది ఆ పొర ఒక్కటే. రెండు వైపులా పట్టాల్సిందీ అదే.

పాత పద్ధతిలో పచ్చి రబ్బరే నేరుగా టైరు మీద వేసి, డిజైన్ చెక్కిన ఇనుప అచ్చులో బిగించి, దాదాపు 150 డిగ్రీల వేడిలో ఉడికించేవాళ్లు. కొత్త టైరు పుట్టేదీ ఇంచుమించు అలాగే. కానీ వయసైన కేసింగ్‌కి అంత వేడి మళ్లీ పెట్టడం శిక్షే. ఇప్పుడు ఎక్కువగా నడిచేది కోల్డ్ ప్రాసెస్. పట్టీని చుట్టుకొలతకు కోసి, అతుకు కలిపి, గాలి బుడగ మిగలకుండా రోలరుతో నొక్కుతారు. రబ్బరు ఎన్వలప్ తొడిగి లోపలి గాలి లాగేస్తారు. ఛాంబర్‌లో పెట్టి ఒత్తిడి ఎక్కించి, నూరు డిగ్రీలకు కాస్త అటూ ఇటుగా కొన్ని గంటలు ఉంచుతారు. ఎన్వలప్‌కి గుండుసూదంత చిల్లి ఉన్నా ఆ వాయిలో ఆ టైరు పాడైనట్టే. అందుకే తొడిగే ముందు దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తారు.

నేనక్కడుండగానే ఒక లారీ ఓనరు ఆవేశంగా దిగాడు. "నెలకే ఊడింది మేస్త్రీ మీ రీబటన్! కావలి దాటగానే ముక్కలైంది. లోడు ఆగిపోయింది. నా నష్టం ఎవరిస్తారు?"

"ముక్క తెచ్చారాండీ?"

తెచ్చాడు. మూరెడు పట్టీ. మేస్త్రీ వేస్టు గుడ్డతో తుడిచి అడుగువైపు తిప్పాడు. రబ్బరులో చిక్కుకుని పొట్టిపొట్టి స్టీలు తీగలు, ముళ్లలా. "మా గమ్ము వదిలేస్తే ఇక్కడ నున్నగా ఉండాలండీ. మీ కేసింగ్ తీగలు దీంతోపాటే లేచొచ్చాయి. మేం వేసిన పట్టు గట్టిగానే ఉంది. లోపల బెల్టులు విడిపోయాయి. గాలి ఎన్నాళ్లకోసారి చూస్తున్నాడో మీ డ్రైవరును అడగండి."

ఓనరు ఆ తీగల్ని చాలాసేపు గిల్లి చూశాడు. కోపం తగ్గలేదు గానీ అరుపు ఆగింది. హైవే పక్కన పడి ఉండే నల్లటి రబ్బరు పేలికలను చూసి మనమంతా రీబటన్‌నే తిట్టుకుంటాం. గాలి లేకుండా, మోతాదు మించిన బరువుతో పరుగెత్తితే కొత్త టైరు కూడా అలాగే పేలికలవుతుంది.

"ఆ విడుపు నా చేతికి వచ్చేనాటికే ఉందో, తర్వాత పుట్టిందో నేను ఒట్టేసి చెప్పలేనండీ" అన్నాడు మేస్త్రీ, ఆ ఓనరు వెళ్లాక. ఈ మాట నన్ను వదల్లేదు. పెద్ద రీట్రెడింగ్ ప్లాంట్లలో పొరల మధ్య విడుపును లేజరు కాంతితో పట్టే షేరోగ్రఫీ యంత్రాలుంటాయి. అలాంటిది కొనే స్తోమత ఇలాంటి షెడ్డుకు ఉండదు. చిన్న పరిశ్రమలకు ఉమ్మడి వసతి కేంద్రాలు కట్టించే పథకం కేంద్ర ప్రభుత్వం దగ్గర ఉంది. ఆటోనగర్ అంతటికీ కలిపి అలాంటి యంత్రం ఒకటి పెట్టిస్తే ఆ బొటనవేలికి తోడు దొరుకుతుంది.

రీబటన్ అంటే పేదవాడి సర్దుబాటు అనుకోవడం తప్పు. గన్నవరంలో దిగే విమానాల చక్రాలకు రీట్రెడ్ టైర్లుండటం మామూలు విషయం. విమాన టైరును మళ్లీ మళ్లీ రీట్రెడ్ చేసి వాడతారు. ఆర్టీసీ సొంతంగా రీట్రెడింగ్ షాపులు నడుపుతోంది. సదాశివపేటలో ఫ్యాక్టరీ ఉన్న ఎం.ఆర్.ఎఫ్. కూడా 1946లో మద్రాసులో బొమ్మ బెలూన్లతో మొదలై, 1952లో ట్రెడ్ రబ్బరు చేసి, ఆ తర్వాతే టైర్లలోకి వచ్చింది. టైరు బరువులో ఎక్కువ భాగం కేసింగే. అరిగేది పై పొర. ఆ పై పొర కోసం మొత్తాన్ని పారేస్తే, అంత రబ్బరూ పైరాలిసిస్ బట్టీల్లో పడి నూనెగా, మసిగా మారుతుంది.

ఇంత పొదుపు చేసే పనికి మనం ఇస్తున్న ఆసరా ఏమిటి? 2025 సెప్టెంబరు 22కి ముందు కొత్త టైరు మీద జీఎస్టీ 28 శాతం, రీట్రెడ్ టైరు మీద 18. ఆ రోజు నుంచి రెండూ 18. కొత్త టైరు ధర తగ్గడం మంచిదే. కానీ రీబటన్‌కి ఉన్న ఆ పది శాతం మొగ్గు పోయింది. చవక టైర్లు కొని గుండయ్యేదాకా తోలి పారేసే అలవాటు ఇప్పటికే పెరిగింది. వాటిలో చాలా కేసింగులు రెండో బతుకుకి పనికిరావు.

పనివాళ్ల సంగతి ఇంకా బాధ పెట్టింది. బఫింగ్ దగ్గర కుర్రాడి ముక్కుకి చేతిరుమాలే అడ్డు. దుమ్ము లాగే గొట్టం ఉంది, కానీ దాని నోరు బ్లేళ్లకు దూరంగా, పక్కకి తిరిగి ఉంది. ఓనరుకి ఈ మాట చెప్పాను, సరిచేయిస్తామన్నారు. సరిచేయించాలి. చేతిలో ఇంత పని ఉన్న మేస్త్రీ, తన కొడుకును మాత్రం ఈ షెడ్డులోకి రానివ్వనని తేల్చిచెప్పాడు. ఆ కుర్రాడి రుమాలు చూశాక ఆయనకు ఎదురుచెప్పలేకపోయాను.

పోయిన ఆ మొగ్గు తిరిగి రావాలంటే రీట్రెడ్ టైరు పన్నును 5 శాతానికి దించాలి. లారీ ఓనర్లకు మేస్త్రీ చెప్పమన్న మాట కూడా ఇక్కడే చెబుతున్నాను. బండి ఎక్కకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. బటన్ మూడు మిల్లీమీటర్లు మిగిలి ఉండగానే దింపి పంపండి. రీబటన్ టైరును ముందు చక్రాలకు వేయకండి. కేసింగ్ పనికిరాదని చెప్పిన షెడ్డు మీద కోపం తెచ్చుకుని పక్క షెడ్డుకి మాత్రం పట్టుకెళ్లకండి.