కుంకుడు నురగ

కరోనా వచ్చిన 2020లో శానిటైజర్ అందరికీ తెలిసింది. ఇప్పుడు మన గదుల్లో కొందరు కలబంద గుజ్జులో వేపాకు కషాయం కలిపి సీసాకు పోసి, ఇదే శానిటైజర్ అంటున్నారు. అది కాదు. క్రిములు చావాలంటే అందులో నూటికి 60 పాళ్ళయినా ఆల్కహాల్ ఉండాల. కలబంద చెయ్యి మెత్తగా ఉండేదానికే. ఆల్కహాల్ ఇంట్లో పెట్టుకుంటే ఇంకో భయం. 2020 జులై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయినారు. తాగే మనిషి ఉండే ఇంట్లో ఆ సీసా ఏడ దాస్తారు?

మా జేజికి సబ్బు కంటే కుంకుడుకాయ మీదే నమ్మకం. కాయ పగలగొట్టి, గింజ తీసేసి, తొక్కలు రాత్రి నీళ్ళలో నానేస్తాది. తెల్లారి పిసికితే తెల్లగా నురగ వస్తాది. అందులో సాపోనిన్ ఉంటాదని మాకు సైన్సు సార్ చెప్పినారు. అది జిడ్డును పట్టి లాగుతాది, జిడ్డుతో పాటు క్రిములూ నీళ్ళలో పోతాయి. వేళ్ళ సందులు, గోర్లు కూడా 20 సెకన్లు రుద్దాల. కంట్లో పడితే మాత్రం మంట! రెండు రోజులకే వాసన కొడతాది, కొంచెమే చేసుకోవాల.

మనకు నెలాఖరుకు సబ్బు అయిపోతాది. అప్పుడు కొందరు ఉత్త నీళ్ళతో కడిగి అన్నానికి కూర్చుంటారు. చిన్న తరగతుల పిల్లోల్లకు కడుపునొప్పి వచ్చేది కూడా అప్పుడే ఎక్కువ. వార్డెన్ మేడం ఒప్పుకుంటే కొళాయి కాడ ఒక కుంకుడు కుండ పెడదాం. జేజిని ఈ ఆదివారం ఒక సంచి కాయలు తెమ్మన్నా. పగలగొట్టేదానికి ఎవరొస్తారో పేర్లు ఇయ్యండి.