ముందు సంతకం వెతకండి

బొమ్మల పుస్తకాలు పోగుచేసేవాళ్ళు రెండు రకాలు. కొందరికి నంబరు ముఖ్యం. మొదటి సంచిక ఉందా, మధ్యలో ఏది తగ్గింది, వరసగా ఎన్ని వచ్చాయి అని లెక్క చూసుకుంటారు. ఇంకొందరికి గీసిన చెయ్యి ముఖ్యం. "ఇది ఎవరి బొమ్మ?" అని అడుగుతారు. ఆ మనిషి గీసింది ఇంకొకటి దొరికేదాకా వాళ్ళకి నిద్ర పట్టదు. నేను రెండో రకం. మీరు ఏ రకమో ఈ పాఠం అయ్యేసరికి మీకే తెలియవచ్చు.

ఒక సంగతి ముందే చెప్పాలి. కామిక్ అంటే గడులు గడులుగా బొమ్మలు, మనుషుల నోటి దగ్గర బుడగల్లో మాటలు. అమర్ చిత్ర కథ అలాంటిదే. చందమామ అలా ఉండదు. అది కథల పత్రిక. కథ ఒక పక్క, బొమ్మ ఒక పక్క. అయినా మా ఇంట్లో రెండూ ఒకే అట్టపెట్టెలో ఉండేవి. అందుకే ఇక్కడ కూడా రెండిటినీ కలిపే చెబుతున్నాను.

1. రెండక్షరాల పేరు

నేను పెరిగింది ఒమాన్ దేశంలో, మస్కట్ నగరంలో, రూవి అనే పేటలో. బడిలో ఇంగ్లీషు, హిందీ, కాస్త అరబిక్. తెలుగు ఇంట్లో మాట్లాడేదాన్ని, చదవడం మాత్రం వచ్చేది కాదు. అమ్మ రోజూ సాయంత్రం కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. గుణింతాల దాకా బాగానే ఉండేదాన్ని. ఒత్తులు వచ్చేసరికి నాకు ఆవలింతలు వచ్చేవి.

ఎవరి సాయమూ లేకుండా నేను మొట్టమొదట చదివిన తెలుగు మాట ఏమిటో తెలుసా? "బాపు". సెలవులకి విజయవాడ వెళ్ళినప్పుడు అమ్మమ్మ బీరువాలో ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు' దొరికింది. కథ చదవడం రాదు కాబట్టి బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. బొమ్మ మూలలో చిన్నగా ఏదో రాసి ఉంది. బ పక్కన దీర్ఘం. ప కింద కొమ్ము. బా, పు. ఒక్క ఒత్తు కూడా లేదు! పేజీ తిప్పితే మళ్ళీ అదే పేరు. "అమ్మమ్మా, నాకు చదవడం వచ్చేసింది!" అని ఇల్లంతా తిరిగాను.

ఆయన అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933లో నరసాపురంలో పుట్టారు, 2014లో పోయారు. సినిమాలు కూడా తీశారు. ఆయన చేతిరాత ఎంత అందంగా ఉంటుందంటే, దాన్ని చూసి కంప్యూటర్ ఫాంట్లు కూడా తయారు చేశారు. ఆ పొడుగు పేరుతోనే సంతకం పెట్టి ఉంటే నాకు చదవడం ఇంకో ఏడాదికి గానీ వచ్చేది కాదేమో!

తరవాత "వ.పా." దొరికారు. వడ్డాది పాపయ్య గారు. ఇదీ రెండక్షరాలే. మీకు కూడా చదవడం కష్టంగా ఉంటే నా సలహా ఒకటే. పేజీని పైనుంచి మొదలుపెట్టకండి, కింది మూలనుంచి మొదలుపెట్టండి.

2. పక్కింటి అంబులిమామ

మస్కట్‌లో మా పక్క ఫ్లాటులో ఒక తమిళ కుటుంబం ఉండేది. ఆ ఇంటి అమ్మాయిది నా వయసే. ఒకరోజు వాళ్ళింట్లో 'అంబులిమామ' అనే పుస్తకం చూశాను. లోపల తెరిస్తే మా ఇంట్లో ఉన్న బొమ్మలే! అదే రాజు, అదే కత్తి, భుజం మీద అదే శవం. అక్షరాలు మాత్రం వేరే.

నాకు మొదట కోపం వచ్చింది. మా చందమామని వీళ్ళు కాపీ కొట్టారా అని అడిగాను. ఆ అమ్మాయికీ నామీద అదే అనుమానం. మా అమ్మే తగవు తీర్చింది. చందమామని 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు కలిసి మొదలుపెట్టారు. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. తరవాత ఇంకా ఎన్నో భాషలు చేరాయి. కథ ఏ భాషలో అచ్చయినా బొమ్మ మాత్రం ఒకటే.

ఆ రోజునుంచి మాకు ఒక ఆట దొరికింది. ఒకే బొమ్మ ఉన్న పేజీలు రెండు తెరిచి పక్కపక్కన పెట్టేవాళ్ళం. తను తమిళంలో చదివేది. నేను కూడబలుక్కుంటూ తెలుగులో చదివేదాన్ని. రెండు కథలూ ఒక్కచోటికే వస్తున్నాయా లేదా అని చూసుకునేవాళ్ళం. తను ముందు చదివేసి నవ్వుతుందేమో అని నేను రాత్రిపూట ఒత్తులు బట్టీపట్టేదాన్ని. అమ్మ ఎంత చెప్పినా జరగని పని అలా జరిగింది.

3. గీతని ఎలా గుర్తుపట్టాలి?

సంతకం కనబడకపోతే ఎలా? అప్పుడే అసలు సరదా మొదలవుతుంది. మీ అమ్మ చేతిరాతని మీరు ఎంత దూరంనుంచైనా గుర్తుపడతారు కదా. బొమ్మ కూడా అంతే. చూడగా చూడగా తెలుస్తుంది.

శంకర్ గారితో మొదలుపెట్టండి. ఆయన పూర్తి పేరు కె.సి. శివశంకరన్. తమిళుడు. తెలుగు పిల్లలందరి తలలోనూ ఉన్న విక్రమార్కుడు ఈయన గీసినవాడే. కత్తి దూసి, శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే ఆ రాజు బొమ్మ బేతాళ కథలకి గుర్తుగా నిలిచిపోయింది. మన భాషలో పట్టు వదలని మనిషిని విక్రమార్కుడు అంటాం. ఆ మాట వినగానే నాకు కనబడేది శంకర్ గారి రాజే. ఆయన బొమ్మలో ఖాళీ తక్కువ. గుడి గోపురం గీస్తే దానిమీద శిల్పాలు కూడా ఉంటాయి. చెట్టు గీస్తే ఊడలూ, ఆకులూ ఉంటాయి. చందమామలో దాదాపు అరవై ఏళ్ళు పనిచేశారు. 2020లో పోయారు. 2021లో ప్రభుత్వం ఆయనకి పద్మశ్రీ ప్రకటించింది.

చిత్రా గారిది ఇంకో దారి. అసలు పేరు టి.వి. రాఘవన్. దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్ కథలకి బొమ్మలు వేశారు. 1954లో 'తోకచుక్క'తో ఆ వరస మొదలైంది. ఆ తరవాత మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం. పేర్లు వింటేనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది కదా! మాంత్రికులు, వింత జంతువులు, కొండ గుహలు గీయాలంటే చిత్రా గారే గీయాలి. శంకర్ గారి రాక్షసుడు పురాణంలోంచి వచ్చినట్టు ఉంటాడు. చిత్రా గారి రాక్షసుడు మన వీధి చివరనుంచి వచ్చినట్టు ఉంటాడు. చిన్నప్పుడు నాకు రెండోవాడంటేనే ఎక్కువ భయం.

ఇక వ.పా. గారు. శ్రీకాకుళంలో పుట్టారు, అనకాపల్లి దగ్గర కశింకోటలో చాలా కాలం ఉన్నారు. ఆయనవి రంగుల బొమ్మలు. చందమామ అట్టమీద మీరు చూసే దేవతలు, రాజకుమారులు చాలామంది ఆయన చేతిలోంచి వచ్చినవాళ్ళే. 1992లో పోయారు. ఆయన అట్టల్లో చీర రంగు, ఆకాశం రంగు ఒకదాన్నొకటి పిలుచుకున్నట్టు ఉంటాయి. ఒకసారి చూడండి, మీకే తెలుస్తుంది.

4. ఆబిడ్స్‌లో ఆదివారం

ఈ పాత సంచికలు నాకు ఎక్కడ దొరికాయి? హైదరాబాదులో. ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. మావయ్య నన్ను పొద్దున్నే స్కూటర్ మీద తీసుకెళ్ళేవాడు. "బేరం నేనాడతాను, నువ్వు మాట్లాడకు. నీ తెలుగు వింటే రేటు పెంచేస్తాడు" అనేవాడు. నేను నోరు మూసుకుని వేలితో చూపించేదాన్ని.

కొనేముందు ఏం చూడాలో మావయ్యే నేర్పాడు. మొదట పిన్నులు చూడు. తుప్పు పడితే మధ్య పేజీలు ఊడిపోతాయి. తరవాత పేజీలు లెక్కపెట్టు. ఎవరైనా బొమ్మలు కత్తిరించుకుని ఉంటారు. చివరగా వాసన చూడు. తడిసిన కాయితం వాసన దాగదు.

పాత యజమానుల గుర్తులు కూడా ఉండేవి. లోపలి పేజీలో ఎవరిదో పేరు, తరగతి, సెక్షను. 'ఫోటో వ్యాఖ్యల పోటీ' దగ్గర పెన్సిలుతో రాసి కొట్టేసిన జవాబులు. నంబరు కోసం కొనేవాళ్ళు ఇలాంటివి వద్దంటారు. నాకు మాత్రం అవే ఇష్టం. నాకంటే ముందు ఈ బొమ్మ చూసి భయపడ్డవాళ్ళు ఉన్నారని తెలిసేది.

5. పదకొండుతో మొదలు

అమర్ చిత్ర కథని 1967లో అనంత్ పాయ్ గారు మొదలుపెట్టారు. మొదటి పది నంబర్లూ విదేశీ కథలు. మన కథతో వచ్చిన మొదటి పుస్తకం 'కృష్ణ'. దాని నంబరు 11. బొమ్మలు రామ్ వాయీర్కర్ గారివి. 'టింకిల్'లో సుప్పండిని గీసింది కూడా ఈయనే. వెన్నదొంగ కృష్ణుణ్ణీ, తెలివితక్కువ సుప్పండినీ పక్కపక్కన పెట్టి ముఖాలు చూడండి. ఒకే చెయ్యి అని ఒప్పుకుంటారా?

ప్రతాప్ ములిక్ గారి వీరులు వేరు. కండలు తిరిగి, గడిలోంచి బయటికి దూకేలా ఉంటారు. 'శివాజీ' ఆయన గీసిందే. తరవాత నాగరాజ్ అనే హిందీ కామిక్ హీరోకి కూడా బొమ్మలు వేశారు.

మొదటి రోజుల్లో డబ్బు సరిపోక కొన్నాళ్ళు పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులతోనే నెట్టుకొచ్చారట. కొత్త ముద్రణల్లో రంగులు మారాయి. కథ ఒకటే అయినా పాత పుస్తకం పాతదే, కొత్తది కొత్తదే.

6. రెండు వందల్లో నలభై

1999లో మేం మస్కట్ వదిలి రావలసి వచ్చింది. నాన్న ఉద్యోగం అయిపోయింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. ఉద్యోగం ఉంటేనే వీసా, వీసా ఉంటేనే ఇల్లు. మాకు ఒక నెల టైముంది. మంచాలు, ఫ్రిజ్ అమ్మేశారు. అమ్మ నాతో ఒకటే మాట చెప్పింది. "పుస్తకాలకి ఒక్క పెట్టె. పది కిలోలు దాటకూడదు."

నా దగ్గర రెండు వందల దాకా ఉన్నాయి. బడి పుస్తకాలు పోను నలభై మాత్రమే పడతాయి. మీరైతే ఏవి ఉంచుకుంటారు?

నాన్న ఒక ఉపాయం చెప్పారు. "అమర్ చిత్ర కథలు మళ్ళీ అచ్చు వేస్తారమ్మా, ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. పాత చందమామ పోతే పోయినట్టే." అది నిజం. అందుకే అమర్ చిత్ర కథల్లో ఒక్కటే తీసుకున్నాను, పాత రంగులున్న 'కృష్ణ'. మిగతావన్నీ నేలమీద పరిచి, బొమ్మలు చూసి ఏరాను. చిత్రా గారి సీరియల్ ఉన్నవి ఒక దొంతర, శంకర్ గారివి ఒక దొంతర, వ.పా. గారి అట్టలు ఒక దొంతర. చివరికి అట్ట లేని సంచిక ఒకటి మిగిలింది.

"అట్ట కూడా లేదు, అదెందుకే?" అన్నారు నాన్న.

"లోపల చిత్రా గారి బొమ్మ ఉంది నాన్నా."

తూకం చూస్తే పది కిలోలు దాటింది. నాన్న ఏమీ అనలేదు. తన పెట్టెలోంచి టేప్ రికార్డర్ తీసి, అమ్మే సామాన్ల పక్కన పెట్టారు.

మిగిలిన నూట అరవై పక్కింటి అమ్మాయికి ఇచ్చాను. తనకి తెలుగు రాదు, కానీ ఆ బొమ్మలన్నీ వచ్చు. తను నాకు ఒక అంబులిమామ ఇచ్చింది. నా దగ్గరున్న ఒక బేతాళ కథ అందులో తమిళంలో ఉంది. ఈ రోజుకీ అందులో ఒక్క ముక్క చదవలేను. అయినా మా ఇంట్లో దానికి అన్నిటికంటే పైన చోటుంది.

7. ఇప్పుడు మీ వంతు

ఇప్పుడు నేను ఇంగ్లాండ్‌లో ఉంటాను. చందమామ అచ్చు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. నా నలభై పుస్తకాలు ఎండ తగలని అలమారులో ఉన్నాయి. చిరిగినచోట సెల్లోటేప్ అంటించను. అది కొన్నాళ్ళకి పసుపురంగుకి తిరిగి కాయితాన్ని తినేస్తుంది. తుప్పు పట్టిన పిన్నులు తీసేసి దారంతో కుడతాను.

కానీ దాచడం ఒక్కటే చాలదు. గీసినవాళ్ళలో చాలామంది నెల జీతానికి పనిచేసి, బొమ్మ మూలలో రెండక్షరాలు రాసి ఊరుకున్నారు. ఎవరో ఒకరు ఆ మూల చూసి పేరు పైకి చదవాలి. ఆ పని మీరూ చేయగలరు, దానికి పెద్ద తెలుగు అక్కర్లేదు.

మీ ఇంట్లో, లేదా తెలిసినవాళ్ళ ఇంట్లో, తెలుగు బొమ్మల పుస్తకం ఒకటి వెతకండి. తరవాత ఇవి చేయండి:

బొమ్మ మూలలో సంతకం ఉందా? అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదవండి.

అదే మనిషి గీసిన ఇంకో బొమ్మ వెతకండి. ముక్కు, చేతులు, చెట్లు ఎలా గీశారో మూడు వాక్యాల్లో రాయండి.

మీ అమ్మానాన్నలనో, తాతయ్య అమ్మమ్మలనో అడగండి: "చిన్నప్పుడు మీకు ఏ బొమ్మ చూస్తే భయం వేసేది?" వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.

పది కిలోల పెట్టె ఒక్కటే ఉంటే మీరు ఏం పెట్టుకుంటారు? ఎందుకు?